గుమ్మం అవతలి తోలు

ఫౌండ్రీ సైరన్ కూసిన ప్రతిసారీ లెక్కలమ్మ చేతిలో పని ఆగిపోయేది. రోజూ కూసే కూతే. షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు ఒకటి. ఇన్నేళ్ళూ దాన్ని గోడ గడియారంలా వాడుకుంది తప్ప పట్టించుకున్నది లేదు. ఇప్పుడు మాత్రం ఒక చెవి ఎప్పుడూ అటే పడేసి ఉంచుతోంది. వేళ కాని వేళ సైరన్ కూసిందంటే లోపల ఎవరికో దెబ్బ తగిలిందని అర్థం.

భయమంతా ఆమె మొగుడి కాళ్ళ గురించి. ఆ కాళ్ళకున్న బూట్లు కుట్టింది ఆమె అన్నయ్య. కుట్టించింది మాత్రం ఆమే.

ఆమె అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. దేన్నయినా ఇటు ఎంత, అటు ఎంత అని తూచి గానీ అడుగు వెయ్యదని మొగుడు సరదాకి లెక్కలమ్మ అన్నాడు. ఆ పేరు వీధంతా పాకింది. చెప్పులూ బూట్లూ సంచులూ అమ్మే దుకాణం ఆమెది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని. అన్నయ్య కోస్తాడు, కుట్టు పిన్ని మిషను తొక్కుతుంది, లెక్కలమ్మ అమ్ముతుంది. కుట్టు పిన్ని వాళ్ళకి చుట్టం కాదు. వయసును బట్టి పిన్ని, పనిని బట్టి కుట్టు.

జంతువు ఒంటి నుంచి వచ్చింది ఏదీ ఆ దుకాణంలో ఉండదు. తోలు లేదు, ఉన్ని లేదు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు లేదు. పాలిష్ డబ్బాలో తేనెమైనం కలుస్తుందని తెలిసిన రోజున అన్నయ్య డబ్బాలన్నీ మూటగట్టి వెనక్కి పంపించేశాడు. తయారైన ప్రతి జతకీ చీలమండ దగ్గర ఆకుపచ్చ దారంతో చిన్న ఆకు కుడతాడు. ఆ ఆకు ఉందంటే ఇంకేమీ అడగక్కర్లేదని నమ్మి ఊరవతల నుంచి కూడా జనం వస్తారు. లెక్కలమ్మ దృష్టిలో దుకాణానికి అసలు పెట్టుబడి ఆ ఆకే.

అన్నయ్యది ఇంకో నియమం ఉంది. తోలు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బయట గోడకి చెక్క అర ఒకటి కొట్టించాడు. వచ్చినవాళ్ళు తోలు చెప్పులూ బెల్టులూ పర్సులూ అందులో పెట్టి లోపలికి రావాలి. అందుకే వీధిలో అతన్ని గుమ్మం మాస్టారు అంటారు. మొదట్లో లెక్కలమ్మ గొడవపడింది. తర్వాత సర్దుకుంది. "ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నవాడు ఎక్కువసేపు బేరమాడలేడు. మనకీ మంచిదే," అని కుట్టు పిన్నితో అంది.

అన్నయ్య ఒకప్పుడు తోలు కోసే పనివాడే. పేరున్న సంచుల కార్ఖానాలో అతని కోతకి ఎదురు లేదు. ఒకరోజు యజమాని మంచి చర్మాలు ఏరుకు రమ్మని కబేళాకి పంపితే వెళ్ళాడు. అక్కడ ఒక చర్మం మీద చెయ్యి వేసి చూశాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. ఇంటికొచ్చి కత్తి కింద పెట్టాడు. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ చెప్పింది ఆ ఒక్క మాటే, "వెచ్చగా ఉంది" అని. అంతకు మించి లెక్కలమ్మకి కూడా చెప్పలేదు. ఇంట్లో తోలు వస్తువులన్నీ ఏరి దొడ్లో పాతిపెట్టాడు. చెల్లెలి దగ్గరున్నవి కూడా పాతిపెట్టమన్నాడు.

ఆమె అతని దారిలోకి రావడానికి కారణం వేరు. చంపడం తగ్గితే మంచిదే అనుకుంది. ఎంత తగ్గితే అంత మంచిది. అన్నాచెల్లెళ్ళకి తగువంతా ఇక్కడే. ఒకసారి పోస్ట్‌మన్ అరిగిపోయిన తోలు బూట్లు తెచ్చి, కింద అట్ట మార్చి ఇమ్మని గుమ్మం బయట నిలబడి బతిమాలాడు. అన్నయ్య కుదరదన్నాడు.

"అన్నయ్యా, పాత బూటుకి అట్ట వేసిస్తే ఆయన కొత్త తోలు బూటు కొనడు. ఒక చర్మం మిగిలినట్టే కదా," అంది లెక్కలమ్మ.

"ఇవాళ అట్ట వేస్తావు. రేపు చిరిగిన చోట చిన్న తోలు ముక్క వేస్తావు. ఎల్లుండి ముక్కలు కొని తెస్తావు. ఆగేది ఎక్కడే?"

"నీ లెక్కలో సున్నా తప్ప ఇంకో అంకె లేదన్నయ్యా."

"ఉండక్కర్లేదు. నా చేతి మీదుగా పోయినవి సున్నా అవ్వాలి. అది చాలు నాకు."

పోస్ట్‌మన్ ఇద్దరి వంకా చూసి, బూట్లు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా కొత్త తోలు బూట్లు వేసుకొచ్చి, ఉత్తరాలు అర మీద పెట్టి పోయాడు. లెక్కలమ్మ ఆ బూట్లని అన్నయ్యకి వేలు పెట్టి చూపించింది. అతను చూడనట్టు గుడ్డ కోస్తూనే ఉన్నాడు.

ఫౌండ్రీ సంగతి ఆమెకి తట్టింది ఆ తర్వాతే. దుకాణానికి వచ్చే వాళ్ళు ఎలాగూ తోలు కొనని వాళ్ళు. వాళ్ళకి ఎన్ని జతలు అమ్మినా బతికే జంతువు ఒక్కటీ లేదు. ఫౌండ్రీలో అలా కాదు. అక్కడ ఇనుము కరిగించి అచ్చుల్లో పోస్తారు. పనివాళ్ళందరికీ తోలు బూట్లు, నిప్పురవ్వలకి కాలి చిల్లులు పడితే మళ్ళీ కొత్త తోలు బూట్లు. ఒక్క ఫౌండ్రీ మారితే, దుకాణం జీవితకాలంలో చేసినదానికంటే ఎక్కువ చేసినట్టు. ఫోర్‌మన్‌తో ఆమే మాట్లాడింది. ఒక జత చేసివ్వండి, ఎవరైనా వేసుకుని చూస్తారు, నిప్పుకి ఆగితే అందరికీ తీసుకుంటాం అన్నాడాయన. వేసుకు చూడటానికి ముందుకొచ్చింది ఆమె మొగుడే. కరిగిన ఇనుము మోసే బకెట్ పట్టేది అతనే మరి.

అన్నయ్య మందపాటి నూలు గుడ్డ రెండు పొరలు వేసి, పైన రబ్బరు పూత పూసి బూట్లు చేశాడు. తాడు కట్టే చోట, పాదం మీద, లోపల తోలు నాలుక ఒక్కటి వెయ్యమని లెక్కలమ్మ ముందే అడిగింది. రవ్వలు ఎక్కువ పడేది అక్కడే. మొగుడి పాదాల మీద పాత మచ్చలు ఆమెకి కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి.

"ముక్క తోలు ఉన్నా, మొత్తం తోలైనా నాకు ఒకటే," అన్నాడు అన్నయ్య. ఆ మాటతో ఊరుకోలేదు. ఆ బూటు తన కాలికే వేసుకుని, పొయ్యిలోంచి నిప్పుకణిక పట్టుకారుతో తీసి పాదం మీద పెట్టుకున్నాడు. అది ఎర్రగా ఉండి ఉండి నల్లబడింది. పూత కొంచెం ముడుచుకుంది అంతే.

"కణిక వేరు, కరిగిన ఇనుము వేరు. కణిక కూర్చుంటుంది. ఇనుము జారుతుంది," అంది లెక్కలమ్మ.

"నీ మొగుడు నాకు పరాయివాడా? బావ కాలు కాలుతుందంటే నేనిస్తానా?"

ఇవ్వడు, నిజమే. అతను నమ్మాడు కాబట్టే ఇస్తున్నాడు. ఆమెకి ఆ నమ్మకం చూస్తేనే భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య దారం కొనడానికి వెళ్ళాడు. లెక్కలమ్మ ఇంటికి వెళ్ళి పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన చేతిసంచి తీసింది. తన పెళ్ళికి అన్నయ్య స్వయంగా చేసిచ్చిన తోలు సంచి అది. పాతిపెట్టమంటే చేతులు రాలేదు. దాని వెనక వైపు నుంచి రెండు నాలుకలు కోసింది. దుకాణానికొచ్చి, బూటు నాలుక కుట్లు విప్పి, రెండు గుడ్డ పొరల మధ్య తోలు దూర్చి, మళ్ళీ అదే రంధ్రాల్లోంచి కుట్టింది.

కుట్టు పిన్ని మిషను ఆపి చూసింది. "గుమ్మం మాస్టారు చూస్తే నిన్నూ ఆ అరలోనే పెడతాడు," అంది.

"చూడడు."

"చూడడులే. వాసన?"

"రబ్బరు జిగురు వాసనలో కలిసిపోతుంది. పిన్నీ, ఈ మాట నీ నోట్లోనే ఉండాలి."

"నా నోట్లో సూదులు పెట్టుకునే అలవాటు ఉంది. వాటితోపాటు ఉంటుందిలే," అని పిన్ని మళ్ళీ మిషను తొక్కింది.

ఒక్క జత, అదీ తన మొగుడిది. ఎవరికీ నష్టం లేదు. అతని కాలు నిలుస్తుంది, అన్నయ్య మనసూ నిలుస్తుంది. అప్పుడు ఆమెకి అంతే కనిపించింది. ఇంకో వైపు ఏం పడుతుందో చూడలేదు.

బూట్లు వేసుకెళ్ళిన మొదటి రోజుల్లో మొగుణ్ణి ఫౌండ్రీలో అందరూ ఆటపట్టించారు. గుడ్డ బూట్లల్లుడు అన్నారు. బకెట్ రెండో వైపు పట్టే బక్కోడైతే, "వదినగారు రుమాలు కూడా కుట్టిచ్చారా, ఇనుము తుడుచుకోడానికి," అని అడిగేవాడట. మొగుడు ఇంటికొచ్చి ఇవన్నీ నవ్వుతూ చెప్పేవాడు. లెక్కలమ్మ నవ్వేది కానీ, కళ్ళు అతని పాదాల మీదే ఉండేవి.

ఒకరోజు అతను షిఫ్టు దిగి తిన్నగా దుకాణానికే వచ్చాడు. వెనకాలే ఫోర్‌మన్, బక్కోడు. మొగుడు ఎడమ కాలు ఎత్తి బల్ల మీద పెట్టాడు. పాదం మీద గుడ్డ బొగ్గైపోయి, గోళీ పట్టేంత చిల్లు పడింది.

"బకెట్ తొణికింది. ఇంత చుక్క పడింది. పొగొచ్చింది. బూటు విప్పి చూస్తే ఏముంది, కాలు చెక్కుచెదరలేదు," అన్నాడు మొగుడు.

"నేను కళ్ళారా చూశాను. తోలు బూటైనా ఇంతకంటే ఆపదు," అన్నాడు ఫోర్‌మన్. "మాస్టారూ, నెలాఖరుకి పెద్ద పోత ఉంది మాకు. ఈలోగా పోత దగ్గర పనిచేసే అందరికీ ఇవే చేసివ్వండి. పాత తోలు బూట్లు తుక్కులో వేయించేస్తాను."

"నేను కూడా రుమాలు మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు బక్కోడు. "నాది పెద్ద పాదం, పొట్టిగా కుట్టకండి మాస్టారూ."

అన్నయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ బూటుని రెండు చేతులా తీసుకుని, చిల్లు చుట్టూ వేలితో తడిమాడు. అతని కళ్ళు తడిశాయి. లెక్కలమ్మ ఆ వేలి వంకే చూస్తోంది. చిల్లు లోపల నల్లగా కనిపిస్తున్నది మాడిన గుడ్డ కాదని అక్కడ తెలిసింది ఇద్దరికే. రెండో మనిషి మిషను వెనకాల తల వంచుకుని, నోట్లో సూదులు పెట్టుకుని ఉంది.

"చూశావా," అన్నాడు అన్నయ్య చెల్లెలితో. గెలిచానన్నట్టు కాదు, బతికిపోయానన్నట్టు అన్నాడు. ఆ గొంతు విని ఆమె బల్ల మీద రాలిన బొగ్గుపొడి తుడవడం మొదలుపెట్టింది.

ఆ రోజే అతను కాలిన బూటుని తుడిచి, ముందు గది అద్దాల బీరువాలో, అందరికీ కనబడే చోట పెట్టాడు. బావకి ఇంకో కొత్త జత తన చేత్తో కుట్టి, తన చేత్తోనే ఇచ్చాడు. అందులో తోలు లేదు. మొగుడు వాటిని ఫౌండ్రీ పెట్టెలోనే పెట్టుకుంటున్నాడు కాబట్టి లెక్కలమ్మకి చెయ్యి పెట్టే వీలు కూడా లేదు.

ఇక రోజూ అదే నరకం. పనిగదిలో బూట్లు జతలు జతలుగా తయారవుతున్నాయి. ఆమె రకరకాల దారులు వెతికింది.

"అన్నయ్యా, నాలుక దగ్గర ఇంకో పొర వేస్తే?"

"ఆగిందిగా. ఇంకెందుకు, బిగుసుకుపోతుంది."

"ఒక్క జతేగా చూసింది. ఇంకో నాలుగు జతలు వేసుకుని చూశాక..."

"ఎప్పుడూ లేనిది నువ్వు వెనక్కి లాగుతున్నావేంటి? ఫౌండ్రీ ఫౌండ్రీ అని నా ప్రాణం తీసింది నువ్వే."

ఇంట్లో మొగుడితో చెబుదామనుకుంది. "పాత బూట్లు వేసుకోండి కొన్నాళ్ళు," అంది.

"మీ అన్నయ్య కుట్టినవి పక్కన పెట్టి పాతవి వేసుకుంటే మిగతావాళ్ళు ఏమంటారు? నా కాలు చూసే కదా వాళ్ళు ఒప్పుకున్నది," అని అతను అటు తిరిగి పడుకున్నాడు.

చెప్తే అన్నయ్య ఏమైపోతాడు? ఆకు మీద నమ్మకం పోతుంది. తోలుని ఇన్నాళ్ళు అద్దాల బీరువాలో పెట్టి పూజించినట్టే కదా అతను. దుకాణం వదిలి వెళ్ళిపోతాడు, అందులో అనుమానం లేదు. చెప్పకపోతే? బక్కోడి పెద్ద పాదం గుర్తొచ్చేది. అక్కడికి వచ్చేసరికి లెక్క తెగేది కాదు. తెగకపోవడమేంటి, తెగింది. ఆ జవాబు పైకి చదవడానికే ధైర్యం లేదు. రేపు చెప్తాను, సరుకు బయల్దేరే ముందు ఎలాగూ చెప్తాను అని రోజులు నెట్టింది.

"అమ్మాయ్, నా నోట్లో సూదులు గుచ్చుకుంటున్నాయి," అంది ఒకరోజు కుట్టు పిన్ని. అంతకు మించి ఏమీ అనలేదు.

పెద్ద పోతకి ఇంకా కొన్ని రోజులున్నాయనగా, ఒక ఉదయం లెక్కలమ్మ దుకాణానికి వచ్చేసరికి పనిగది ఖాళీగా ఉంది. బూట్ల మూటలు లేవు. అన్నయ్య నేల ఊడుస్తున్నాడు.

"పోత ఇవాళ్టికి మార్చారట. ఫోర్‌మన్ బండి పంపించాడు. పొద్దున్నే ఎక్కించేశాను," అన్నాడు.

లెక్కలమ్మ తిన్నగా ముందు గదిలోకి నడిచింది. అద్దాల బీరువా తలుపు తీసింది. కాలిన బూటు పట్టుకుని గుమ్మం దాటి బయటికొచ్చింది. దాన్ని చెక్క అర మీద పెట్టింది.

"అన్నయ్యా, కత్తి తీసుకుని ఇలా రా."

అతను వచ్చి గుమ్మంలో ఆగాడు. "అదెందుకు అక్కడ పెట్టావు? అది తోలు పెట్టే చోటు."

"అందుకే పెట్టాను. కొయ్యి."

అతను ఆమె మొహం చూశాడు. బయటికొచ్చి, బూటు నాలుక మీద కత్తి మొన ఆనించి చీల్చాడు. పై గుడ్డ విచ్చుకుంది. కింద గోధుమరంగు తోలు, మధ్యలో చుక్క పడ్డ చోట గట్టిపడి నల్లబడి ఉంది. ఒక పక్క అంచు మాత్రం మైనం పట్టించి రుద్దిన నునుపుతో అలాగే మెరుస్తోంది. ఆ నునుపు ఎవరి చేతిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది నీ పెళ్ళికి నేనిచ్చిన సంచి," అన్నాడు.

"అవును."

"పాతిపెట్టానన్నావు."

"అనలేదు. నువ్వు అడిగావు, నేను తలూపాను."

అతను నవ్వలేదు. తోలుని ముట్టుకోలేదు కూడా. కత్తి కింద పడేసి అన్నాడు, "నీ మొగుడికి వేశావు. మరి మిగతావాళ్ళకి?"

తిడతాడనుకుంది. తోలు లోపలికి తెచ్చావంటాడనుకుంది, ఆకుని మైల చేశావంటాడనుకుంది. వాటన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది. ఈ ప్రశ్న మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

"చిల్లు పడ్డ రోజే నాకు చెప్పి ఉంటే..." అని, వీధి వైపు తిరిగాడు. "సైరన్ కూసిందా?"

"ఇంకా లేదు."

ఇద్దరూ వీధిలోకి పడ్డారు. అన్నయ్య కాళ్ళకి చెప్పులు లేవు. పాలబండి వాడూ, పేపరు దుకాణం వాడూ తలలు తిప్పి చూశారు. గుమ్మం మాస్టారు పరిగెత్తడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. సగం దారిలో సైరన్ కూసింది. వేళకే కూసింది. అయినా లెక్కలమ్మ ఒక్క క్షణం ఆగి విని, మళ్ళీ పరిగెత్తింది.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం మాస్టారూ, ఇక్కడ నా గుమ్మం. జేబులో ఏముందో ఈ అర మీద పెట్టి లోపలికి రండి," అన్నాడు. ఎప్పుడో బెల్టు విప్పించుకున్న కసి. అన్నయ్య మొహం చూశాక మాత్రం చెయ్యి దించేశాడు.

పోత షెడ్డులో కొలిమి ఎర్రగా ఊగుతోంది. అందరి కాళ్ళకీ కొత్త బూట్లే. వరసగా ఆకుపచ్చ ఆకులు. ఆమె మొగుడూ బక్కోడూ బకెట్ కాడ పట్టుకుని, కరిగిన ఇనుము కోసం నిలబడి ఉన్నారు. అన్నయ్య షెడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆ బూట్లు విప్పెయ్యండి. మీ పాత తోలు బూట్లే వేసుకోండి," అన్నాడు. కొలిమి హోరులో ఎవరికీ వినపడలేదు. గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. "తోలు బూట్లు వేసుకోండయ్యా."

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోర్‌మన్ గబగబా వచ్చాడు. "నిన్నటిదాకా తోలు పాపమన్నది మీరే కదా మాస్టారూ."

"పాపమే. ఇవాళ కూడా పాపమే. దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. నా బూటు ఇనుముని ఆపుతుందన్నాను చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఆపదు. ఆపింది లోపలున్న తోలు."

"ఎవరు పెట్టారు?"

"మా దుకాణంలో పెట్టారు," అన్నాడు అన్నయ్య.

"నేను పెట్టాను," అంది లెక్కలమ్మ.

మొగుడు బకెట్ కాడ వదిలేసి ఆమె వైపు చూశాడు. కోపమో ఏమో ఆ వెలుగులో తెలియలేదు. "ఏమే, నా ఒక్కడికా?" అన్నాడు. అన్నయ్య అడిగిందే అతనూ అడిగాడు. ఫౌండ్రీలో ఇన్నాళ్ళూ తన పాదం చూపించి అందర్నీ ఒప్పించిన మనిషి అతను.

పోత ఆపారు. పాత బూట్లు తుక్కు గదిలో గుట్టగా పోసి ఉన్నాయి. అందరూ వంగి ఎవరివి వాళ్ళు వెతుక్కున్నారు. ఫోర్‌మన్ ఎవరి మీద అరవాలో తెలియక అందరి మీదా అరిచాడు. బక్కోడికి రెండూ ఎడమ కాలి బూట్లే దొరికాయి. "ఇవాళ ఎటు నడిచినా ఎడమకే పోతాను, కాస్త చూసుకోండి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆఖరికి మొగుడే మళ్ళీ గుట్టలో చెయ్యి పెట్టి, వాడి కుడి బూటు వెతికి తీసిచ్చాడు.

అన్నాచెల్లెళ్ళు గేటు బయట గోడవార కూర్చున్నారు. లోపల ఇనుము పోస్తున్న వెలుగు షెడ్డు రేకుల సందుల్లోంచి కనిపిస్తోంది. లెక్కలమ్మ చీర చెంగు నలుపుతూ సైరన్ స్తంభం వంకే చూస్తోంది. పక్కన అన్నయ్య పాదాలకి రాళ్ళు గుచ్చుకుని రక్తం కారుతోంది. అతను వాటిని చూసుకోలేదు. షిఫ్టు వదిలే దాకా ఇద్దరూ అక్కడ నుంచి లేవలేదు. సైరన్ వేళకే కూసింది. మొగుడు నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆమె ముందు పాదాలు చూసి, తర్వాత మొహం చూసింది. అతను ఆగకుండా ఇంటివైపు వెళ్ళిపోయాడు.

ఇంట్లో మొగుడు చాలా రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. దుకాణంలో అన్నయ్య కూడా అంతే. అయితే దుకాణం వదిలి వెళ్ళలేదు. ఫౌండ్రీ నుంచి బూట్లు తిరిగొచ్చాక వాటిని ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కో జతా తీసుకుని, సూది మొనతో ఆకు కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"అన్నిటికీ ఎందుకు విప్పుతున్నావు? నిప్పుకి దూరంగా పనిచేసేవాళ్ళకి ఇవి బాగానే పనికొస్తాయి. సామాన్లు మోసేవాళ్ళు, అచ్చులు తయారుచేసేవాళ్ళు. ఫోర్‌మన్‌తో మాట్లాడాను. చాలా తిట్టాడు, తిట్టాక ఒప్పుకున్నాడు," అంది లెక్కలమ్మ.

అతని చెయ్యి ఆగింది. "బకెట్ పట్టేవాళ్ళకి?"

"వాళ్ళకి ఇదే బూటు, పైన విడిగా కట్టుకునే తోలు పట్టీ. ఫౌండ్రీ తుక్కులో ఎప్పుడో చిల్లులు పడి పారేసిన బూట్లున్నాయి. వాటిలోంచి కోస్తాను. కొత్తగా ఒక్క ప్రాణం పోదు. లోపలికి తీసుకురాను. గుమ్మం బయటే కూర్చుని కోస్తాను. అందరికీ చెప్పే కోస్తాను."

అన్నయ్య విన్నాడో లేదో తెలియలేదు. బూట్లని రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్పకి ఆకు ఉంచాడు, రెండో కుప్పకి విప్పేశాడు. "ఆకు లేనివి ఎవరు చేశారంటే?" అన్నాడు తల ఎత్తకుండా.

"నా పేరు చెప్పు."

ఆ మర్నాటి నుంచి లెక్కలమ్మ గుమ్మం బయట చెక్క అర కింద పీట వేసుకుని, కాలిపోయిన పాత బూట్లని విప్పి పట్టీలు కోస్తోంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పోస్ట్‌మన్ అయితే, "మాస్టారు నిన్ను కూడా బయట పెట్టేశారా," అని అడిగి పోయాడు. ఆకు కోసం ఊరవతల నుంచి వచ్చే ఒకావిడ ఆ పని చూసి, ఇక ఈ దుకాణానికి రానని చెప్పి వెళ్ళిపోయింది. అన్నయ్య ఆమెను ఆపలేదు. లెక్కలమ్మా ఆపలేదు. అది కూడా పడాల్సిన నష్టమే.

అన్నయ్య లోపల గుమ్మానికి ఇవతల గుడ్డ కోసుకుంటూ ఉంటాడు. తోలు వంక చూడడు. చూడకుండానే కత్తి చప్పుడు వింటాడు.

"అడ్డం కోస్తున్నావు. సాగుతుంది," అన్నాడు ఒకసారి, గోడకి చెబుతున్నట్టు.

ఆమె తిప్పి కోసింది.

"కడుపు భాగం తోలు పల్చగా ఉంటుంది. పారెయ్యి. వీపు భాగం తియ్యి."

తీసింది. కుట్టు పిన్ని నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చిపెట్టుకుంది.

తుక్కు బూట్లన్నీ అయిపోయాయి. ఇంకా ఒక జత పట్టీలు తక్కువ పడ్డాయి. బక్కోడివే, పెద్ద పాదం. లెక్కలమ్మ మిగిలిన ముక్కలు అటూ ఇటూ పెట్టి చూసింది. ఏదీ చాలడం లేదు. లోపల కత్తెర చప్పుడు ఆగింది.

"ఆ సంచిలో ఇంకా ఎంత మిగిలింది?" అన్నాడు అన్నయ్య.

ఆమె ముక్కలు కింద పెట్టింది. "ముందు వైపు మొత్తం ఉంది. నువ్వు పువ్వు చెక్కింది."

"పువ్వు ఉన్న చోట మందం బాగుంటుంది," అని, అతను మళ్ళీ గుడ్డ మీదికి వంగాడు. కత్తెర మాత్రం కదల్లేదు.

ఫౌండ్రీ సైరన్ కూసింది. ఇద్దరూ ఒకేసారి తల ఎత్తి, వేళకే కూసిందా అని దుకాణం గోడ గడియారం చూశారు.